తాగనివాడి ఈరలు

నా పేరు కుప్పాయి. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్ళలోనే పోతే, నేనైనా నిలవాలని మా అమ్మ నన్ను పెంటకుప్ప మీద దొర్లించి ఈ పేరు పెట్టింది. అందుకని పెంట గురించి మాట్లాడడానికి నాకు సిగ్గూ ఎగ్గూ లేవు. ఈ కథలో అది బాగానే వస్తుంది. అన్నం ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి కడుక్కున్నాక చదువుకోండి.

తమిళం మాట్లాడే మా ధర్మపురిలో, బస్టాండుకు అవతలి వీధిలో, సర్కారు బ్రాందీ అంగడికి కూతవేటు దూరంలో నాకొక తోపుడు బండి ఉంది. సాయంత్రమైతే పొయ్యి వెలిగించి మేక ఈరలు, బోటి వేయిస్తాను. పుస్తకాల్లో కాలేయం అని రాస్తారే, దాన్నే మేము ఈరలు అంటాం. తాగేవాళ్ళు అంగడి నుంచి నేరుగా నా దగ్గరికే వస్తారు. వాళ్ళు తాగకపోతే నా పొయ్యి వెలగదు. ఈ సంగతి ధర్మపురిలో కుక్కలకు కూడా తెలుసు, ఒక్క మా ఆయనకు తప్ప.

మా ఆయన పేరు వేడియప్పన్. మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు. చెప్పకపోతే ఎవరి మీద కోప్పడుతున్నానో మీకెట్లా తెలుస్తుంది? పాలకోడు టమోటా మండీలో పెట్టెలు మోస్తాడు. తెల్లారకముందే బస్సెక్కి పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఒక కునుకు తీసి, సాయంత్రం నా బండి దగ్గరికి వచ్చి నిలబడతాడు. సాయం చెయ్యడానికి అనుకునేరు. నా గిరాకీని తిట్టడానికి!

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మా ఆయన చుక్క ముట్టలేదు. వాళ్ళ నాయన తాగి తాగి పోయాడు, ఆ కసి ఈయనకు ఎముకల్లో ఉంది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ కసి తీర్చుకోవడానికి నా బండే దొరికింది.

"ఆకులో ఉండేది మేక ఈరలు రా, కన్ను తెరిచి చూడు. నున్నగా ఎట్ల ఉండాదో! ఆ మేక తాగలేదు రా. నీది కోసి ఈ బండి మీద పెడితే కుక్క కూడా మూతి తిప్పుకొని పోతాది" అంటాడు. తినేవాడికి ముద్ద దిగుతుందా? ఆకు అక్కడే పెట్టి పోతాడు. మర్నాడు అవతలి బండి దగ్గర ఆమ్లెట్ తింటూ కనబడతాడు.

"యోవ్, ఇంటికి పోయి పడుకోరాదా? నా నోటికాడి కూడు ఎందుకు చెడగొడతావు?" అంటే, "నేను లోకానికి మంచి చెప్తా ఉండాను" అంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. ఈయన నోటికి ఊరు ఖాళీ అయ్యేది.

ఎంత తిట్టినా కదలనివాడు ఒక్కడే, మా పక్కింటి పాండియన్. మేస్త్రీ పని. మా ఇంటి గోడ కట్టింది వాడే, చెయ్యి వణకడం మొదలుకాక ముందు. పెళ్ళాం పోయాక తాగుడు ముదిరింది. పిల్లల్లేరు. నన్ను వదినా అంటాడు, ఆయన్ని అన్నా అంటాడు. మా ఆయన నోట్లోంచి వచ్చే సగం తిట్లు వాడికే, వాడు వాటిని నంజుకొని తినేవాడు.

"అన్నా, నీ ఈరలు అద్దం మాదిరి ఉండాది, ఒప్పుకుంటా. నువ్వు పోయినాక దాన్ని కలెక్టరాఫీసు ముందర గాజుపెట్టెలో పెడతారు. నేనొచ్చి దండ వేస్తా."

"అప్పటికి నువ్వు యాడ ఉంటావు రా? నువ్వు ముందే పోతావు."

"అది కూడా నిజమే అన్నా. వదినా, ఇంకొంచెం మిరియాలు వెయ్యి."

ఇట్లా సాగిపోతుండగా, మొన్న ఎండాకాలం మొదట్లో మా ఆయన మండీ నుంచి నల్లద్దాలు పెట్టుకొని దిగాడు. కండ్లకలక అన్నాడు. మా వైపు దాన్ని మద్రాస్ ఐ అంటారు, వచ్చినవాణ్ణి చూస్తేనే జనం ఆమడ దూరం పరుగెత్తుతారు. "దగ్గరికి రావద్దు, అంటుకుంటాది" అని తన చాప, తన తుండు, తన చెంబు వేరు చేసుకొని వసారాలోకి మారిపోయాడు. అద్దాలు మాత్రం తీయడు. స్నానానికి కూడా అవే. పాండియన్ గోడ మీంచి చూసి, "అన్న ఎలక్షన్‌లో నిలబడతా ఉండాడా వదినా?" అని అడిగాడు.

నాకు మొదట్లో సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు? కండ్లకలక పేరు చెప్పి బండి దగ్గరికి రావడం మానేశాడు. ఈరలు, బోటి చకచకా అమ్ముడుపోయాయి. ఆ మద్రాస్ ఐ ఏ తల్లి పంపిందో గానీ ఆమెకు పొంగలి పెట్టుకుందామనుకున్నాను.

కానీ మనిషి అన్నం ముట్టడం లేదు. పోపు వేస్తే ఓకరించుకుంటూ వీధిలోకి పోతాడు. గుమ్మానికి వీపు ఆనించి ఎద్దులాగా రుద్దుకుంటాడు. "కండ్లకలకకు వీపు దురదేందయ్యా?" అంటే "వేడి" అన్నాడు. మా ఇంట్లో దేనికైనా వేడే కారణం. కాలు బెణికినా వేడే.

ఒకరోజు మున్సిపాలిటీ నీళ్ళు రాలేదు. నేను బిందె పట్టుకొని వీధి చివరికి పోయి వచ్చేసరికి ఆయన కక్కసు నుంచి బయటికి వచ్చి, తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. పొయ్యడానికి లోపల నీళ్ళు లేవు. నన్ను లోపలికి పోనివ్వకుండా అడ్డం నిలబడ్డాడు. మొగుడు కక్కసుకు కాపలా కాయడం నేనెప్పుడూ చూడలేదు. పక్కకు తోసి లోపలికి పోయాను.

తెల్లగా ఉంది. సున్నం ముద్దలాగా, తెల్లటి తెలుపు. మొదట అది గోడకు పూసే పుట్టీ అనుకున్నాను. "పాండియా, నీ పని మిగులంతా మా కక్కసులోనే పొయ్యాల్నా!" అని గోడ మీదికి ఎగబడి అరవబోయాను కూడా. అంతలో పక్కన నేల మీద మూత్రం కనబడింది. మంచి చిక్కటి కాఫీ డికాషన్.

బయటికి వచ్చి ఆ నల్లద్దాలు ఒక్క గుంజు గుంజాను. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. తెల్లగుడ్డు మచ్చుకైనా లేదు.

"ఏందయ్యా ఇది? ఎన్నాళ్ళ నుంచి?"

"అరవద్దే. పాండియన్ వింటాడు."

"వింటే విననీ! పచ్చకామెర్లు పెట్టుకొని కండ్లకలక అంటావా? పద ఆస్పత్రికి."

"పోను."

"ఏం, కాళ్ళు లేవా?"

ఆయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఇంత పెద్ద నోరున్న మనిషి గుసగుసగా మాట్లాడడం అదే మొదటిసారి. "పెద్దాస్పత్రిలో ఈరలు జబ్బోళ్ళ వరస చూసినావు కదా. అంతా తాగుబోతులే. దోవన పోయేవాళ్ళు కూడా నిలబడి చూస్తారు. ఆ వరసలో నేను కూర్చుంటే ఊరు ఏమంటాది? వేడియప్పన్ లోపల తాగతా బయట నీతులు చెప్పినాడు అంటాది. నాకు మిగిలింది ఆ ఒక్క పేరే కదే కుప్పాయీ. పెట్టెలు మోసేవాడికి ఇంకేముండాది?"

"చస్తావు."

"చస్తే మానంతో చస్తా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెంబు తీసి గోడకు కొట్టాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఈయన ఆ చెట్టు కింద నిలబడి, పాలే తాగమని ఇన్నేళ్ళూ ఊరిని చావగొట్టాడు. ఇప్పుడు ఊరు ఊరుకుంటుందా?

చివరికి ఒక దానికి ఒప్పుకున్నాడు. పిక్కిలిలో మునియప్ప అని కామెర్లకు చెయ్యి కడిగే వైద్యుడున్నాడు. అక్కడైతే తెలిసినవాళ్ళు తగలరు. పెన్నాగరం బస్సెక్కి, మళ్ళీ ఇంకో బస్సు మారి పోయాం. దారి పొడుగునా ఆయన నల్లద్దాలు తీయలేదు, నాతో మాట్లాడలేదు.

మునియప్ప మంచి కళ ఉన్న ముసలాయన. మా ఆయన చేతులకు ఏదో బెరడు పొడి పట్టించి, మంత్రం గొణిగి, పళ్ళెంలో పెట్టి సున్నపు నీళ్ళు పోసి కడిగాడు. పళ్ళెంలో నీళ్ళు పచ్చగా మారిపోయాయి. "చూసినావా? దిగిపోతా ఉండాది" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఉప్పు లేదు, నూనె లేదు, మాంసం లేదు, ఇదీ పత్తియం అని చెప్పి, మళ్ళీ వచ్చి కడిగించుకోమన్నాడు.

నేను ఊరికే ఉండలేను కదా. "అయ్యా, నాకూ కొంచెం కడుగు" అని చేతులు చాపాను. నాకు ఏ జబ్బూ లేదు, రాళ్ళు తిని అరిగించుకునే ఒళ్ళు నాది. నీళ్ళు పచ్చగానే వచ్చాయి.

"నీకు కూడా ఉండాది తల్లీ. లోపల దాగి ఉండాది."

"అట్లనా! నీ చెయ్యి ఒకసారి కడుక్కో అయ్యా, చూద్దాం."

ఆయన కడుక్కోలేదు. నేనే ఆ పొడి ఆయన చేతికి రుద్ది సున్నపు నీళ్ళు పోశాను. పచ్చన. మా వెనక కూర్చున్న జనంలో ఒకామె నవ్వింది. మునియప్ప నన్ను శపించాడు. మా ఆయన ముసలాయన కాళ్ళ మీద పడి, "అది కుప్ప మీద పుట్టిందయ్యా, మన్నించు" అని నన్ను బయటికి ఈడ్చుకొచ్చాడు. తిరుగు బస్సులో నాకు దూరంగా, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

పత్తియం మాత్రం పట్టుదలగా చేశాడు. ఉప్పులేని గంజి తాగుతూ, అద్దంలో కళ్ళు చూసుకుంటూ, "తగ్గింది చూడు" అనేవాడు. ఎక్కడ తగ్గింది? ఒళ్ళంతా నిమ్మపండైంది. కక్కసులో సున్నం సున్నంగానే ఉంది. ఒక మధ్యాహ్నం పళ్ళు టకటకా కొట్టుకునే చలిజ్వరం పట్టుకుంది. కుడి డొక్క పట్టుకొని మెలికలు తిరిగాడు. నేను చెయ్యి వేస్తే పెనంలా కాలింది. అప్పుడు కూడా "ఆస్పత్రి వద్దు" అనే అన్నాడు.

నేను బయటికి పరుగెత్తి గోడ మీంచి పాండియన్‌ను పిలిచాను. ఎవరికి తెలియకూడదని ఈయన ఇంత చేశాడో వాడికే చెప్పాను. కళ్ళు, కక్కసు, పిక్కిలి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెప్పి, వాడు పకపకా నవ్వుతాడని చూశాను. నవ్వితే చెంప పగలగొట్టాలని చెయ్యి కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

వాడు నవ్వలేదు. ఆటో పిలుచుకొచ్చాడు.

"నన్ను ముట్టద్దు రా తాగుబోతు నాయాలా!" అని మా ఆయన చాప మీద నుంచే తన్నాడు. జ్వరంలో కూడా ఆ నోరు తగ్గలేదు.

పాండియన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అన్నా, ఎవురైనా అడిగితే నేనే నీకు తెలీకుండా సోడాలో కలిపి తాగించినానని చెప్తా. తప్పు నా మీద వేసుకుంటా. నీ పేరుకు మచ్చ రాదు. లెయ్యి అన్నా."

మా ఆయన వాడి ముఖం వంక చూసి, ఏమనుకున్నాడో ఏమో, లేచాడు.

పెద్దాస్పత్రిలో ఆ వరసలో కూర్చున్నంత సేపూ మా ఆయన ఒకటే జపం. "నేను తాగనయ్యా. చుక్క ముట్టను. అడగండి, నా పెళ్ళాన్ని అడగండి." అడిగినవాడు ఒక్కడు లేడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన ఎవరూ ఏమీ అనకముందే తడుముకుంటున్నాడు. పక్కన కుండంత కడుపుతో ఉన్నాయన ఓదార్పుగా వీపు తట్టి, "మేము కూడా తాగం అన్నా. లోపల డాక్టరమ్మకు కూడా అదే చెప్పు" అన్నాడు. వరసంతా నవ్వింది.

డాక్టరమ్మ పేరు వెన్నిల. మా వీధిలో కాలేజీకి పోయే పిల్లలాగా ఉంది. స్కాన్ తీయించి చూసి, "అప్పా, మీ ఈరలు బాగుంది" అంది. మా ఆయన ఆ జ్వరంలోనే లేచి కూర్చున్నాడు. "వినినావా కుప్పాయీ? పాండియా, వినినావా రా?"

"ఈరలు నుంచి పేగుకు పోయే గొట్టంలో రాయి అడ్డం పడింది. అదీ సంగతి" అంది ఆమె. ఆమె చెప్పింది తమిళంలో. నాకు అర్థమైనంత మన మాటల్లో చెప్తాను.

మన ఒంట్లో రక్తం ఎప్పటికప్పుడు పాతబడి చస్తూ ఉంటుందట. ఆ చచ్చిన రక్తంలో నుంచి పచ్చరంగు చెత్త ఒకటి మిగులుతుంది. ఈరలు దాన్ని పట్టుకొని, నీళ్ళలో కరిగేట్టు మార్చి, పిత్తంలో కలిపి, గొట్టం గుండా పేగులోకి తోసేస్తుంది. ఆ పిత్తం పేగులో కొవ్వును అరిగించడానికి పనికొస్తుంది, ఆ చెత్త మలంలో కలిసి బయటికి పోతుంది. మలానికి ఆ గోధుమరంగు వచ్చేది అందువల్లే. గొట్టం మూసుకుంటే రంగు పేగుకు చేరదు, కాబట్టి మలం తెలుపు. చేరని రంగు వెనక్కి తిరిగి రక్తంలోకి ఎక్కుతుంది, కాబట్టి కళ్ళు పసుపు, మూత్రం డికాషన్, ఒళ్ళంతా దురద.

ఎన్ని ఈరలు కోశానో నాకే తెలియదు. ఈరలుకు అంటుకొని ఉండే పచ్చటి చేదు తిత్తిని పగలకుండా కోసి తీసేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. అది పగిలితే కూరంతా విషం. ఆ పచ్చరసం మేకకు ఎందుకో, అది ఎక్కడికి పోతుందో మాత్రం నేను ఏనాడూ ఆలోచించలేదు. "అయితే ఈరలు జల్లెడ అన్నమాట" అన్నాను తెలివిగా.

"కాదమ్మా. జల్లెడలో చెత్త నిలిచిపోతుంది. ఈరలు దేన్నీ నిలవ ఉంచుకోదు, మార్చి పంపేస్తుంది. మాంసం, పప్పు తింటే ఒంట్లో ఒక విషం పుడుతుంది. దాన్ని కూడా ఈరలే మార్చి, హాని లేని ఉప్పులాగా చేసి, రక్తంలో వదులుతుంది. మూత్రపిండాలు దాన్ని మూత్రంలో పారబోస్తాయి. మూత్రపిండాలు చెత్తబండి అయితే, చెత్తను మూటకట్టి వీధిలో పెట్టేది ఈరలు."

"మూటకట్టేవాళ్ళు లేకపోతే?"

ఆమె తలుపు దగ్గర నిలబడిన పాండియన్ వైపు చూస్తోంది. వాడి చొక్కా గుండీల మధ్య నుంచి కడుపు ఉబ్బి కనబడుతోంది. నేను రోజూ చూసే కడుపే, నాకు కొత్తగా కనబడింది.

"మీరు ఇట్లా రండి. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు నిలబెట్టండి. ఎవరినో ఆగమన్నట్టు."

పాండియన్ నవ్వుతూ చాపాడు. చేతులు మణికట్టు దగ్గర టపటపా కిందికి పడి లేస్తున్నాయి, కోడి రెక్కల్లాగా. వాడు ఆపుదామని చూశాడు. ఆగలేదు.

"పగలు నిద్ర ముంచుకొస్తుందా? మాటలు మరిచిపోతున్నారా?" అని అడిగింది. "ఆ విషం మూట కట్టేవాళ్ళు లేక తలకెక్కుతోంది. ఆయన రాయి తీసేస్తే లేచి నడుస్తాడు. ముందు చేరాల్సింది మీరు."

"చలికి డాక్టరమ్మా, చలికి" అన్నాడు పాండియన్. ధర్మపురి ఎండలో చలి! "అన్నకు టీ తెస్తా" అని బయటికి పోయాడు. ఇక రాలేదు.

మా ఆయన్ని సేలం పంపారు. అక్కడ నోట్లో నుంచి గొట్టం దించి రాయి లాగేశారు. శనగగింజంత ఉంది, అంతే. దీని కోసమా నా మొగుడు చావబోయింది అని దాన్ని చూసి ఉమ్మేయాలనిపించింది. రెండు రోజుల తర్వాత ఆస్పత్రి కక్కసులో నుంచి "కుప్పాయీ! కుప్పాయీ!" అని ఒకటే కేక. పడిపోయాడేమోనని వార్డులో ఉన్నవాళ్ళంతా పరుగెత్తాం.

"రంగొచ్చింది! వచ్చి చూడు!"

పెళ్ళినాడు కూడా ఆ మనిషి ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. నేనూ చూశాను. బంగారం.

ఇంటికొచ్చి కాస్త ఓపిక చిక్కగానే మళ్ళీ బండి దగ్గర ప్రత్యక్షం. ఇంతకుముందు తిట్లే, ఇప్పుడు డాక్టరు సాక్ష్యం కూడా తోడైంది. "స్కాన్ తీసి చూసినారు రా! అద్దం మాదిరి ఉండాదని డాక్టరమ్మే చెప్పింది. రాయి! సుమ్మా, ఉత్తి రాయి!" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పాడు. జవాబు చెప్పడానికి పాండియన్ లేడు. ఎదురు చెప్పేవాడు లేక ఆయన తిట్లు కూడా చప్పబడ్డాయి. "వాడు యాడ పోయినాడే?" అని నన్నే అడిగాడు.

మర్నాడు పొద్దున గంజి తీసుకొని ఇద్దరం వాడింటికి పోయాం. తలుపు తీసే ఉంది. పాండియన్ చొక్కా లేకుండా నేల మీద కూర్చొని, తాపీ లేని చేత్తో గాలికి సున్నం పూస్తున్నాడు. నన్ను చూసి "అమ్మా, పని అయిపోతా ఉండాది" అన్నాడు. వాళ్ళమ్మ పోయి ఎంత కాలమైందో. కళ్ళు పసుపు, కడుపు బిందెంత.

కాసేపటికి తెలివిలోకి వచ్చి మమ్మల్ని గుర్తుపట్టాడు. మా ఆయన వాడి ముందు గొంతుక్కూర్చొని, "పద రా ఆస్పత్రికి" అన్నాడు.

"నేను రాను అన్నా."

"ఏం?"

"ఆ వరసలో కూర్చోలేను. అందరూ చూస్తారు. నీకైతే రాయి. నాకు ఏమని చెప్పుకునేది? నువ్వు చెప్పినట్టే అయింది చూడు అని ఊరంతా నవ్వతాది. ఇక్కడే పోతా అన్నా, సుమ్మా వదిలెయ్యి."

మా ఆయన గంజి గిన్నె పక్కకు జరిపాడు. తను అన్న మాటలే వాడి నోట్లోంచి వస్తున్నాయి. వాడు తాగడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. బతకడానికి సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు ఎవరు నేర్పారో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇన్నేళ్ళూ వాడు నవ్వుతూ విన్నాడు కాబట్టి వాడికి ఎక్కడం లేదనుకున్నాం. ప్రతి మాటా ఎక్కింది.

"నువ్వొక్కడివే కూర్చోవద్దు లే" అని చివరికి మా ఆయన వాడి చంకల కింద చేతులు వేసి లేపాడు. "నేను కూర్చుంటా పక్కన."

వరసలో వాణ్ణి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. పాండియన్ తల వంచుకొని, నిమిషానికోసారి లేవబోతున్నాడు. ఎదురుగా గోడ దగ్గర పాలకోడు మండీ గుమాస్తా లక్ష్మణ, వాళ్ళమ్మను చూపించడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. వాడి చెవిన పడితే మాట సాయంత్రానికి పాలకోడు దాటి మహేంద్రమంగళం దాకా పోతుంది.

నర్సమ్మ వచ్చింది. పాండియన్ కడుపు చూసి, వరసంతా వినేట్టు అడిగింది. "ఎన్నేళ్ళుగా తాగతా ఉండావయ్యా?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. పాండియన్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. వాకిలి వైపు చూస్తున్నాడు. మా ఆయన వాడి పంచె అంచు పట్టుకున్నాడు.

"వాడొక్కడే కాదమ్మా" అన్నాడు మా ఆయన. మండీలో పెట్టెల లెక్క అరిచే గొంతు అది, లక్ష్మణకు వినబడకుండా పోయే గొంతు కాదు. "ఇద్దరమూ కలిసే తాగేది. ముందు వాణ్ణి చూడండి, వాడికి ఎక్కువగా ఉండాది."

లక్ష్మణ కనుబొమలు నెత్తికెక్కాయి. మా ఆయన వాణ్ణి చూశాడు, వాడు ఈయన్ని చూశాడు. మా ఆయన చూపు తిప్పుకోలేదు.

నర్సమ్మ అందుకుంది. ఈ వయసులో సిగ్గు లేదా అంది. ఇంట్లో ఆడమనిషి ముఖం ఒకసారైనా చూశారా అంది. మీలాంటివాళ్ళ ఈరలు కోసి వీధిలో వేస్తే కుక్క కూడా ముట్టదు అంది. మా ఆయన తల వంచుకొని, "అవునమ్మా, తప్పేనమ్మా" అంటూ అంతా విన్నాడు. తర్వాత ఆమె నా వైపు తిరిగి జాలిగా, "ఇద్దరితో ఎట్లా వేగతా ఉండావమ్మా?" అంది.

నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగడం నా జన్మలో ఎప్పుడూ చేయని పని. మింగాను. "ఏం చేసేది తల్లీ, ఇద్దరూ ఇద్దరే" అన్నాను.

పాండియన్ నిలబడే ఉన్నాడు. ఆ పసుపు కళ్ళతో మా ఆయన్ని తేరిపార చూశాడు. "అన్నా, నువ్వెప్పుడు తాగినావు?"

"నోరు మూసుకొని కూర్చో రా" అన్నాడు మా ఆయన.

పాండియన్ కూర్చున్నాడు.